పెట్టించుకున్న జుట్టు మూడేళ్లకే పలచబడుతుందా?

జుట్టు కుదుళ్లను చిన్న చిన్న గ్రాఫ్టులుగా ఒక్కొక్కటే తీసి నాటే ఎఫ్‌యూఈ పద్ధతిలో నుదుటి పైన 2,200 గ్రాఫ్టులు పెట్టించుకుని మూడేళ్లయింది. ఏడాది తిరిగేసరికి ఒత్తుగా వచ్చింది. ఆరు నెలలుగా మాత్రం తల తడిపి లైటు కింద నిలబడితే అక్కడ చర్మం కనిపిస్తోంది. కుచ్చులుగా ఊడటం లేదు, వెంట్రుకే నూగులా సన్నబడింది. జుట్టు రాలకుండా వాడే మందులు, 5 శాతం మినాక్సిడిల్, 1 మి.గ్రా. ఫినాస్టరైడ్ మొదటి నుంచీ మానలేదు. థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) నార్మల్. ఆపరేషన్ చేసిన డాక్టరు 'పోయేది పాత జుట్టే, పెట్టింది పోదు' అంటున్నారు. తల వెనక జుట్టుకు డీహెచ్‌టీ (బట్టతల తెప్పించే హార్మోన్) దెబ్బ పెద్దగా తగలదనే కదా అక్కడి నుంచి తీసేది! కానీ నాకు పలచబడింది సరిగ్గా గ్రాఫ్టులున్న చోటే. మెడ పైన, జుట్టు తీసిన చోట కూడా కాస్త సన్నబడినట్టుంది. అసలు టెన్షన్ అదే.

ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని ఐదేళ్లు దాటినవాళ్లు చెప్పండి: మందులు వాడుతున్నా మీకు పెట్టిన జుట్టే ఇలా సన్నబడిందా?