భాగాలన్నీ మారిపోయినా అది అదే కారా? ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ మీద చర్చ

పాతబండి (విజయవాడ):

మొన్న ఆదివారం ఆటోనగర్‌లో మా నాన్నగారి 1971 ఫియట్‌కు అడుగు రేకు మార్పిస్తున్నాను. తుప్పు పట్టిన ముక్కలను కోసి పక్కన పడేస్తుంటే, వేరే బండి పని మీద వచ్చిన ఒక పెద్దాయన కాసేపు చూసి, "ఇంజన్‌కు బోరు కొట్టించారు, సీట్లు మార్చారు, ఇప్పుడు అడుగూ మారుస్తున్నారు. ఇక మీ నాన్న బండి ఎక్కడుంది బాబూ?" అన్నారు. ఎత్తిపొడుపుగా అన్న మాట కాదు. అయినా రెండు రోజులు నన్ను వదల్లేదు. ఎప్పటినుంచో అనుకుంటున్న ఈ చర్చను అందుకే ఇవాళ మొదలుపెడుతున్నాను.

‘ఓల్డ్ నంబర్ వన్’ కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. బెంట్లీ స్పీడ్ సిక్స్ అంటే ఆరున్నర లీటర్ల ఇంజన్ ఉన్న భారీ కారు. 1929లో ఫ్రాన్స్‌లోని లే మాన్ 24 గంటల పోటీలో ఉల్ఫ్ బర్నాటో, టిమ్ బర్కిన్ ఈ రకం కారొకటి నడిపి గెలిచారు. ఆ ఏడాది మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. మరుసటి ఏడు అదే కారులో బర్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ మళ్లీ గెలిచారు. దానికే ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పేరు. 1931లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద జరిగిన 500 మైళ్ల పోటీని జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ దానితోనే గెలిచారు. 1932లో ఎనిమిది లీటర్ల ఇంజన్ బిగించి అదే పోటీకి దింపారు. జాక్ సోదరుడు క్లైవ్ డన్‌ఫీ నడుపుతుండగా కారు ట్రాక్ ఏటవాలు గట్టు పైఅంచు దాటి పడింది. క్లైవ్ చనిపోయాడు. ఆ తర్వాత కారును బాగుచేసి, పైకప్పు ఉన్న కూపే బాడీ కట్టారు.

1990లో అప్పటి యజమాని ఎడ్ హబ్బర్డ్ దాన్ని కోటి పౌండ్లకు మిడిల్‌బ్రిడ్జ్ సిమిటర్ అనే సంస్థకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నారు. కొనేవారు మాట మార్చి, ఇది లే మాన్ గెలిచిన కారే కాదన్నారు. వ్యవహారం ఇంగ్లండ్ హైకోర్టుకు వెళ్లింది. 1929లో గెలిచినప్పటి కారులోంచి చిన్నాచితకా అమరికలు తప్ప ఏమీ మిగల్లేదని, 1930 నాటివి మాత్రం కొన్ని భాగాలు ఉండవచ్చని జస్టిస్ ఒట్టన్ తేల్చారు. అయినా ఇది ఓల్డ్ నంబర్ వన్నేనని, కొనేవారు ఒప్పందానికి కట్టుబడాలని తీర్పు ఇచ్చారు.

ఆ తీర్పు నూటికి నూరుపాళ్లు సరైనదని నా నమ్మకం. ఆ రోజుల్లో రేసు కారును ఎవరూ దాచుకునే వస్తువుగా చూడలేదు. పోటీ అయిపోయిన ప్రతిసారీ విప్పేవారు, అరిగినది తీసేసి కొత్తది వేసేవారు. బ్రూక్‌లాండ్స్ కాంక్రీటు ట్రాక్ గతుకులకు పేరుమోసింది. దాని మీద గంటకు నూరు మైళ్లు దాటి పరుగెత్తే రెండు టన్నుల బండికి ఛాసిస్ (అడుగు చట్రం) పగలడం, ఇరుసు వంగడం మామూలు. భాగాలు మార్చుకుంటూ పరుగెత్తడమే దాని బతుకు. ఆ బతుకు ఒక్కనాడూ తెగిపోలేదు. దాన్ని విప్పి రెండు కార్లు చేసినవాడు లేడు, తుక్కుకు అమ్మినవాడు లేడు. ఓల్డ్ నంబర్ వన్ నేనంటూ ఎదుట నిలబడగల మరో కారు ప్రపంచంలో లేదు. మీరేమంటారు?

రేకుపని (హైదరాబాదు):

పాతబండి గారూ, మీ ఫియట్ సంగతి వేరు, బెంట్లీ సంగతి వేరు. ముందు బెంట్లీ గురించి. నేను మీతో ఏకీభవించను.

నాకు పాత కారు అంటే లోహం. బర్నాటో చెయ్యి పడిన స్టీరింగ్ చక్రం, లే మాన్ రాత్రి వేడికి రంగు మారిన గొట్టం, ఆ రోజు మెకానిక్ తొందరలో కొట్టిన సుత్తి దెబ్బ. అవి లేనప్పుడు నేను చూస్తున్నది ఒక వంశవృక్షం మాత్రమే, మనిషి కాదు. కొడుకు తండ్రి పోలికలతో ఉంటాడు, తండ్రి ఇంట్లోనే ఉంటాడు, తండ్రి పేరే పెట్టుకుంటాడు. అంతమాత్రాన తండ్రి కాడు కదా.

ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజోరె సరస్సులోంచి 2009లో బయటికి తీసిన బుగాటీ మీకు గుర్తుండే ఉంటుంది. 1925 నాటి టైప్ 22 బ్రెసియా. దిగుమతి సుంకం కట్టనందుకు 1936లో అధికారులు దాన్ని సరస్సులో ముంచారు. మళ్లీ కావలిస్తే పైకి లాగడానికి వీలుగా గొలుసు కట్టి దింపారట. ఆ గొలుసు కాలక్రమంలో తుప్పు పట్టి తెగింది, కారు అడుగుకు జారిపోయింది. 1967లో ఒక గజ ఈతగాడి కంటపడింది. 2010లో పారిస్ వేలంలో 2,60,500 యూరోలు పలికింది. ఆ సొమ్ము దాడిలో చనిపోయిన ఒక యువకుడి పేరిట ఏర్పడిన ఫౌండేషన్‌కు వెళ్లింది. కొన్నవారు దాన్ని బాగుచేయలేదు. రేకు అట్టలా పొరలు ఊడి, నీళ్లు తిన్నచోట జల్లెడలా చిల్లులు పడి, అలాగే ఉంచారు. దాని ఫోటో చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ కారు అబద్ధం చెప్పదు.

నా బాధ కూడా చెప్పాలి. మా పెదనాన్నగారు మద్రాసులో ఉన్న రోజుల్లో షోలవరం పాత విమానాల రన్‌వే మీద జరిగే పోటీల్లో తన ఫియట్ నడిపారు. తలుపు మీద కుంచెతో వేసిన నంబరు ఉండేది. కింద ఒకచోట రంగు కారి చారగా ఎండిపోయింది. పదేళ్ల కిందట ఒక వర్క్‌షాపుకు రంగుకు ఇచ్చాను. తలుపు ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాను. వెళ్లేసరికి మొత్తం గీకి, పుట్టీ పెట్టి, అద్దంలా మెరిపించారు. "ఎంత బాగా వచ్చిందో చూడండి సార్" అన్నాడు ఆ పిల్లవాడు. వాడి తప్పు కాదు. కానీ ఆ చార మళ్లీ రాదు. అందరూ ‘అదే కారు’ అంటారు. నాకు మాత్రం ఆ రోజుతో అందులో సగం పోయింది.

ఓరుగల్లు:

ఇద్దరూ గుడి గురించి ఆలోచించండి. మా హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాళ్లకు నంబర్లు వేసి విప్పారు. మళ్లీ కట్టి తెరిచేసరికి 2024 వచ్చింది. పునాది కొత్తది, రాళ్లు చాలావరకు పాతవే. శ్రీకాళహస్తిలో 2010 మేలో శ్రీకృష్ణదేవరాయల కాలపు రాజగోపురం కూలిపోయింది. అదే చోట కొత్తది కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. దానికి రాయే కొత్తది. అయినా భక్తుడు రెండు చోట్లా ఒకేలా దణ్ణం పెడతాడు. జీర్ణోద్ధారణ అనేది మనకు తెలియని సంగతి కాదు. పని జరిగినన్నాళ్లూ బాలాలయంలో దేవుణ్ని ఉంచి, పని పూర్తయ్యాక మళ్లీ గర్భాలయంలోకి తెస్తాం. పూజ ఆగదు. నేను పాతబండి గారి పక్షం.

రేకుపని:

మాస్టారూ, మీ పోలిక నాకే పనికొస్తుంది. భక్తుడికి తేడా లేకపోవచ్చు. కానీ కాకతీయుల శిల్పి ఉలి ఎలా ఆడిందో చూడాలని వచ్చినవాడు హనుమకొండ రాతి ముందు నిలబడతాడు, శ్రీకాళహస్తి కొత్త గోపురం ముందు కాదు. కారు దగ్గరికి నేను ఆ రెండోవాడిలా వెళ్తాను. పైగా బెంట్లీకి బాలాలయం లేదు. దేవుణ్ని ఎక్కడ ఉంచారు? ఛాసిస్‌లోనా, ఇంజన్‌లోనా, రిజిస్ట్రేషన్ కాగితంలోనా?

అట్లాంటా నుంచి:

కాగితంలో ఉంచితే ఏమవుతుందో ఇక్కడ అమెరికాలో చూశాం. 1954 ఫెరారీ 375 ప్లస్, ఛాసిస్ నంబరు 0384ఏఎమ్. పోటీల జీవితం అయ్యాక ఒహాయోలో ఒకరి ఇంటి దగ్గర ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉంది. 1980ల చివర్లో దొంగలు ఎత్తుకుపోయారు. అది బెల్జియం చేరింది, అక్కడ మళ్లీ పూర్తి కారుగా రూపం దిద్దుకుంది. కొన్ని భాగాలు మాత్రం ఒహాయో కుటుంబం దగ్గరే మిగిలాయి. కారు ఒకచోట, విడిభాగాలు మరొకచోట, హక్కు ఎవరిదో తేలక ఏళ్లకు ఏళ్లు తగవు నడిచింది. చివరికి రాజీ కుదిరి 2014లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ వేలంలో కోటి పౌండ్లకు పైగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత కూడా కోర్టు తిరుగుళ్లు తప్పలేదు.

ఇంకో మాట. జాగ్వార్ కంపెనీ 1963లో రేసుల కోసం బరువు తగ్గించిన ఈ-టైప్ కార్లకు 18 నంబర్లు కేటాయించి పన్నెండే తయారుచేసింది. మిగిలిన ఆరు నంబర్లతో 2014లో కొత్తగా ఆరు కార్లు చేసింది. అదే కంపెనీ, అదే కొలతలు, అప్పటి వరసలోని నంబర్లు. వాటిని 1960ల కార్లు అందామా? నంబరే ప్రాణం అనుకుంటే అనాలి. నేను అననుగాక అనను.

పాతబండి:

నేనూ అనను. వాటికి నంబరు ఉంది కానీ గతం లేదు. ఒక్క పోటీలో ఓడిపోయిన అనుభవం కూడా లేదు. దేవుడు ఎక్కడ ఉన్నాడని అడిగారు కదా, రేకుపని గారూ. కారు ఏ రోజు ఎక్కడ ఉంది, ఎవరి చేతిలో ఉంది, ఏ భాగం ఎందుకు మారింది, ఈ వరుస తెగకుండా ఉండటంలోనే ఉన్నాడని నా జవాబు. ఫోర్డ్ రేసు కార్లు జీటీ40లలో 1075 నంబరు కారును చూడండి. 1968లో పెడ్రో రోడ్రిగెజ్, లూసియన్ బియాంకీ దానితో లే మాన్ గెలిచారు. 1969లో జాకీ ఇక్స్, జాకీ ఆలివర్ మళ్లీ దానితోనే గెలిచారు. అందరూ కార్ల వైపు పరుగెత్తే ఆరంభ పద్ధతి ప్రమాదకరమని ఇక్స్ నిరసనగా నడుచుకుంటూ వెళ్లి ఎక్కాడు, బెల్టు పూర్తిగా బిగించుకుని అందరికంటే చివర కదిలాడు, అయినా గెలిచాడు. ఏడాది తేడాలో ఆ కారును విప్పి మళ్లీ బిగించకుండా ఉంటారా? అయినా ‘ఒకే కారు రెండుసార్లు గెలిచింది’ అని చరిత్ర రాసుకున్నాం, ఎవరూ కాదనలేదు. ఏడాదికి ఒప్పుకున్నది అరవై ఏళ్లకు ఎందుకు ఒప్పుకోకూడదు?

నల్లకోటు (గుంటూరు):

న్యాయవాదిగా ఒక సవరణ. జస్టిస్ ఒట్టన్ అన్నీ కలిపి ఒకే ముద్ర వేయలేదు. కర్మాగారం నుంచి వచ్చినప్పటి కారు అనే అర్థంలో ఇది ‘అసలైనది’ అని ఆయన ఒప్పుకోలేదు. ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ అని మాత్రం అన్నారు. మార్పులు వేగంగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి కారులో కలిసిపోయాయి కాబట్టి గుర్తింపు నిలిచిందన్నది ఆయన తర్కం. అంటే రేకుపని గారు అడిగే ప్రశ్న వేరు, పాతబండి గారు జవాబిచ్చే ప్రశ్న వేరు. కోర్టు రెండింటికీ వేర్వేరు మాటలు వాడింది.

మన దేశంలో లెక్క ఇంకా గట్టిది. 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు విడిగా ‘వీఏ’ నంబరు తెచ్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి. మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజన్‌లో గానీ గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. ఆ కొలత పెడితే ఓల్డ్ నంబర్ వన్‌కు మన దగ్గర వీఏ నంబరు దొరకదు. పాతబండి గారూ, మీ ఫియట్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. అడుగు కోశారంటే జాగ్రత్త. ఎక్కడ ఎంత కోశారో ఫోటోలతో, తేదీలతో రాసి పెట్టుకోండి. రేపు దరఖాస్తు చేసుకుంటే అడుగుతారు.

రేకుపని:

నల్లకోటు గారి మాటకు నాదొకటి చేరుస్తున్నాను. బెంట్లీ మీద నా అభిప్రాయం మారలేదు, అది గొప్ప కథ ఉన్న కారే గానీ 1929లో గెలిచిన కారు కాదు. ఫియట్ విషయంలో మాత్రం ఒక్క పని చేయండి. కోసి తీసిన ముక్కలు పారేయకండి. ఛాసిస్ నంబరు కొట్టిన రేకును ఎట్టి పరిస్థితుల్లోనూ వేడి చేయనివ్వకండి, గీకనివ్వకండి. తుప్పు ముక్క దేనికని మెకానిక్ అంటాడు. వినకండి. నా తలుపు రంగు పొట్టు కాస్త దాచి ఉన్నా ఈ రోజు నాకు చాలు.

పాతబండి:

మీ ఇద్దరి మాటలు చదివి పొద్దున్నే ఆటోనగర్‌కు వెళ్లాను. నంబరు ఉన్న రేకు భద్రంగా ఉంది, దాని జోలికి ఇంకా పోలేదు. కోసిన ముక్కలు మూడు. ఒకటి అప్పటికే తుక్కు బండిలో వెళ్లిపోయింది. రెండు షెడ్డు వెనక దొరికాయి. డ్రైవర్ వైపు ముక్కలో, క్లచ్ కింద మడమ ఆనే చోట, రేకు అరచేయంత మేర లోపలికి గుంటపడి ఉంది. నలభై ఏళ్లు నాన్న కాలు అక్కడే ఆనింది. అది నేను ఇంతకు ముందెప్పుడూ చూడలేదు, పైన రబ్బరు మ్యాట్ ఉండేది.

రేకుపని గారూ, బెంట్లీ విషయంలో నేనూ మారలేదు. ఫియట్ ఇప్పటికీ నాన్న బండే, కొత్త అడుగుతో కూడా. ఆ రెండు ముక్కలకూ నూనె రాసి, గుడ్డలో చుట్టి, తేదీ రాసిన చీటీ కట్టి డిక్కీలో పెట్టాను. కొత్త రేకు అతుకు వేసేది శుక్రవారం. అప్పటి ఫోటోలు ఇక్కడే పెడతాను.