కాంట్రాస్ట్ రాసిస్తే ప్లెయిన్ స్కాన్ తీసి పంపారు, ఇప్పుడు మళ్ళీ ఫుల్ డబ్బులు కట్టమంటున్నారు

నడుము_విరిగినోడు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి, తిట్టుకోకండి. నాకు కొన్నేళ్ళ కింద నడుముకి డిస్క్ ఆపరేషన్ అయింది, ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములో నాలుగో ఐదో వెన్నుపూసల మధ్య. ఇన్నాళ్ళూ బానే ఉన్నా. ఈ మధ్య మళ్ళీ కుడి కాల్లోకి అదే పాత నొప్పి, పిరుదు దగ్గర మొదలై పిక్క బయటి వైపు నుంచి బొటనవేలు దాకా లాగేస్తోంది. ఆపరేషన్ చేసిన సర్జన్ గారే చూసి ఎమ్మారై విత్ కాంట్రాస్ట్, అంటే బొమ్మలో తేడా తెలిసేలా మందు ఇంజెక్షన్ ఇచ్చి తీసే స్కాన్, తీయించుకురా అని రాశారు (ఇంజెక్షన్ లేకుండా తీసేది ప్లెయిన్), ఆ కాంట్రాస్ట్ అన్న ముక్క కింద గీత కూడా కొట్టారు. మళ్ళీ డిస్క్ జారిందా, లేక ఆపరేషన్ చేసిన చోట పెరిగిన మచ్చ కండ నరాన్ని పట్టుకుందా అన్నది ఇంజెక్షన్ లేకుండా తేల్చడం కష్టం అని ఆయన విడమర్చి మరీ చెప్పారు.

సెంటర్‌కి వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి చీటీ తీసుకుని ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఏదో టైప్ చేసి బిల్లు చేతిలో పెట్టింది. పొద్దున్నే ఖాళీ కడుపుతో రమ్మన్నారని అలాగే వెళ్తే మధ్యాహ్నం దాటాక పిలిచారు, నడుం నొప్పోడికి ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో అంతసేపు కూర్చోవడం అంటే ఏంటో పడ్డోడికే తెలుస్తుంది. లోపల పడుకోబెట్టి చెవుల్లో దూది లాంటిది పెట్టి చేతికి ఆ రబ్బరు బుడ్డి ఇచ్చి మొదలెట్టేశారు. అయిపోయాక బయటికి లాగారు. ఇంజెక్షన్ ఇవ్వలేదేంటి సార్ అని అడిగితే టెక్నీషియన్ "మీకు అది లేదండి" అని ఒక్క ముక్క అని నెక్స్ట్ పేషెంట్‌ని పిలిచాడు.

రిపోర్ట్ సాయంత్రం అన్నారు, తర్వాత రేపు అన్నారు, తర్వాత ఫోనే ఎత్తలేదు. చివరికి వెళ్ళి తెచ్చుకుంటే అందులో పైన వివరంలో "కుడి వైపు నరం మీద ఒత్తిడి" అని ఉంది, కింద ముగింపులో "ఎడమ వైపు" అని ఉంది!! పాత స్కాన్ సీడీ నేను చేతికిచ్చి వస్తే "పోల్చడానికి పాత స్కాన్లు లేవు" అని రాశారు. ఆపరేషన్ అయిన సంగతే రిపోర్ట్‌లో లేదు. ఇచ్చిన కొత్త సీడీ నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకోలేదు.

సర్జన్ గారు చూసి దీంతో నేను ఏమీ చెప్పలేను, కాంట్రాస్ట్‌తో తీయించుకుని రా అన్నారు. సెంటర్‌కి మళ్ళీ వెళ్తే మేనేజర్ అనే ఆయన "మీరు బిల్లు చూసుకోవాలి కదా, అందులో ప్లెయిన్ అనే ఉంది, మళ్ళీ తీయాలంటే ఫుల్ ఛార్జ్" అంటున్నాడు. నా ప్రశ్న ఏంటంటే, ఇది నేను కట్టాలా? మొత్తం స్కాన్ మళ్ళీ తీయాల్సిందేనా లేక ఇంజెక్షన్ ఇచ్చి ఆ కొంచెం తీస్తే సరిపోద్దా? ఆ కుడి ఎడమ గోల ఎవరిని అడగాలి?

మామూలు_మనిషి:

బ్రో చదువుతుంటేనే బీపీ వచ్చింది. బిల్లు చూసుకోవాలి అంట, డాక్టర్ చీటీ చదవడం వాళ్ళ పనా పేషెంట్ పనా? అయినా ఒక మాట చెప్తా తప్పుగా అనుకోకు, ఆ ఇంజెక్షన్ ఇవ్వకపోవడమే మంచిదైంది, అది కిడ్నీలు పాడు చేస్తది అంట, పైగా మళ్ళీ స్కాన్ అంటే మళ్ళీ రేడియేషన్. వేరే డాక్టర్‌ని చూపించుకో, ఉన్న స్కాన్‌తోనే చూసేస్తాడు.

మాగ్నెట్_డ్యూటీ:

నేను ఎమ్మారై టెక్నీషియన్‌నే, కాబట్టి కొంచెం నన్నూ తిట్టుకున్నట్టే ఉంది ఈ పోస్ట్ చదువుతుంటే. ముందు పైనాయనకి, ఎమ్మారైలో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఉండదండి, అయస్కాంతం, రేడియో తరంగాలు అంతే. సీటీ వేరు, అందులో ఉంటుంది. రెండింటినీ కలిపి భయపెట్టకండి.

ఇప్పుడు మీ కేసులో ఏం జరిగుంటుందో చెప్తా. చాలా చోట్ల మా చేతికి చీటీ రాదు. కౌంటర్‌లో టైప్ చేసింది మెషిన్ పక్కన స్క్రీన్ మీద లిస్టుగా వస్తుంది, పేరు, వయసు, ఏ స్కాన్. కౌంటర్‌లో లిస్టులోంచి "ఎల్ఎస్ స్పైన్ ప్లెయిన్" (నడుం వెన్నెముకకి ఇంజెక్షన్ లేని స్కాన్) నొక్కితే నాకు అదే కనపడుద్ది, నేను అదే తీస్తా. అందుకే మీకు అది లేదండి అన్నాడు, వాడి స్క్రీన్ మీద నిజంగానే లేదు. కానీ పేషెంట్ నోరు తెరిచి అడిగినప్పుడు ఆగి చీటీ తెప్పించుకుని చూడాలి, అది ఒక్క నిమిషం పని. మీరు టేబుల్ దిగకముందే సరిదిద్దగలిగే తప్పు అది. అక్కడ మా వాడిదే పొరపాటు, సమర్థించను. ఇంకోటి, లోపలికి పంపేముందు ఫారం నింపిస్తారు కదా, పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో క్లిప్పులు రాడ్లు ఉన్నాయా, ఆపరేషన్లు అయ్యాయా అని. అందులో మీ నడుం ఆపరేషన్ రాసే ఉంటారు. ప్లెయిన్ అని ఉన్నా ఆ ఫారం చూసి డాక్టర్‌ని అడగాలి అసలైతే.

మొత్తం మళ్ళీ తీయాలా అంటే, మామూలుగా అయితే టీ1 అనే రకం బొమ్మలు ఇంజెక్షన్‌కి ముందు ఒకసారి, మీరు కదలకుండా అదే పొజిషన్‌లో ఉండగానే ఇంజెక్షన్ ఇచ్చి మళ్ళీ ఒకసారి తీస్తాం. రెండూ పక్కపక్కన పెట్టి ఏది వెలిగింది ఏది వెలగలేదు అని చూస్తారు. ఇన్ని రోజుల తర్వాత వస్తున్నారు కాబట్టి ఇంజెక్షన్‌కి ముందు తీసే టీ1 కూడా మళ్ళీ తీయాలి, పాత దాంతో పొజిషన్ కలవదు. టీ2 బొమ్మలు వగైరా మొన్నవే వాడుకోవచ్చా లేదా అన్నది రేడియాలజిస్ట్ చెప్పాలి. వాడుకోవచ్చంటే ఫుల్ స్కాన్ అంత టైం పట్టదు. ఫుల్ ఛార్జ్ అన్నది మేనేజర్ మాట, రేడియాలజిస్ట్ మాట కాదు.

చీకటి_గది:

రేడియాలజిస్ట్‌ని. రోజంతా చీకట్లో స్క్రీన్ల ముందు కూర్చునే బ్యాచ్.

మీ సర్జన్ గారు చెప్పింది కరెక్ట్. ఆపరేషన్ అయిన నడుములో కాంట్రాస్ట్ ఎందుకు అడుగుతారంటే మచ్చ కండలో రక్తనాళాలు ఉంటాయి, అది మందు పీల్చుకుని తెల్లగా వెలుగుతుంది. జారిన డిస్క్ ముక్కలో రక్తనాళాలు ఉండవు, వెంటనే తీస్తే నల్లగానే ఉంటుంది, మహా అయితే అంచు వెలుగుతుంది. వెంటనే అన్నది ముఖ్యం, ఓ అరగంట ఆగితే మందు నెమ్మదిగా డిస్క్‌లోకి కూడా పాకి తేడా పోతుంది. ఇది ఎందుకు తేల్చాలంటే డిస్క్ ముక్క అయితే అవసరమైతే తీసేయొచ్చు, ఒట్టి మచ్చ అయితే మళ్ళీ కోస్తే మళ్ళీ మచ్చే పెరుగుతుంది. కాబట్టి వేరే డాక్టర్ ఉన్న దాంతోనే చూసేస్తాడు అన్న సలహా వద్దు.

కిడ్నీ సంగతి. ఎమ్మారైలో వాడేది గాడోలినియం మందు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో చర్మం గట్టిపడిపోయే జబ్బు వస్తోందని, దానికీ ఈ మందుకీ సంబంధం ఉందని 2006లో బయటపడింది. అది ఎక్కువగా పాత లీనియర్ రకం మందులతో వచ్చింది. మెదడులో కొంచెం కొంచెం మిగిలిపోతోందని కూడా తేలాక 2017లో యూరప్‌లో ఆ లీనియర్ రకాల్లో చాలావాటిని ఆపేశారు, కొన్నిటిని పరిమితం చేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడే మాక్రోసైక్లిక్ రకాలతో ఆ చర్మం జబ్బు చాలా చాలా అరుదు. కిడ్నీలు బానే ఉన్నవాళ్ళకి మందులో ఎక్కువ భాగం ఒక రోజులోపు మూత్రంలో పోతుంది. కిడ్నీ జబ్బు, ఇంతకుముందు కాంట్రాస్ట్‌తో అలర్జీ, ప్రెగ్నెన్సీ ఇవేవైనా ఉంటే ముందే చెప్పాలి. అంతేగానీ వద్దు అని పారిపోయే మందు కాదు.

ఇక కుడి ఎడమ. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది ఇక్కడే. అడ్డంగా కోసినట్టు కనపడే బొమ్మల్లో పేషెంట్ కుడి వైపు మనకి స్క్రీన్ ఎడమ పక్కన ఉంటుంది, కాళ్ళ దగ్గర నిలబడి చూస్తున్నట్టు. అది మాకు అలవాటే, అందులో పొరపాటు పడటం తక్కువ. తప్పు ఎక్కువ ఎక్కడ దొర్లుద్దంటే నోటితో చెప్తే టైప్ అయ్యే సాఫ్ట్‌వేర్‌లోనో, పాత రిపోర్ట్ కాపీ చేసి మార్చేటప్పుడో. సంతకం పెట్టేముందు ఒకసారి చదివితే దొరికేది. దీన్ని పెన్నుతో కొట్టేసి సరిచేసి ఇస్తే తీసుకోవద్దు. అడెండం అని ఉంటుంది, పాత రిపోర్ట్ అలాగే ఉంచి కింద తేదీ, టైముతో సవరణ రాసి రేడియాలజిస్ట్ మళ్ళీ సంతకం పెట్టాలి. రిపోర్ట్ మీద సంతకం ఎవరిదో ఆ డాక్టర్ పేరుతోనే అడగండి, మేనేజర్‌తో వాదించి లాభం లేదు, రిపోర్ట్ మార్చే అధికారం ఆయనకి లేదు. పాత సీడీ ఇచ్చాను, దాంతో పోల్చి రాయండి అని కూడా అదే కాయితంలో పెట్టండి.

ఇదంతా పక్కన పెట్టి ఒకటి. కాలు పాదం పైకి ఎత్తలేకపోతున్నా, మర్మస్థానం చుట్టూ తిమ్మిరి పట్టినా, మూత్రం రాకపోయినా తెలియకుండా పోతున్నా ఈ సెంటర్ పంచాయితీ అంతా వదిలేసి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. గంటలు లెక్క అక్కడ.

ఫైల్స్_పిచ్చి:

సీడీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. అందులో ఉండేవి డైకామ్ ఫైల్స్. 1993 నుంచి ఆ పేరుతో ఉన్న స్టాండర్డ్ అది, ఏ కంపెనీ మెషిన్‌లో తీసినా దాదాపు అదే ఫార్మాట్. చాలాసార్లు ఫైల్ పేరు చివర ఏ ఎక్స్‌టెన్షనూ ఉండదు, అందుకే డబుల్ క్లిక్ చేస్తే ల్యాప్‌టాప్ తెల్లమొహం వేస్తుంది. సీడీతో పాటు వచ్చే వ్యూయర్ సాధారణంగా విండోస్‌కి మాత్రమే, దాన్నీ ఒక్కోసారి యాంటీవైరస్ ఆపేస్తుంది. ఫ్రీ డైకామ్ వ్యూయర్లు బోలెడున్నాయి, ఒకటి వేసుకుని సీడీ ఫోల్డర్ మొత్తం అందులో తెరవండి. వాట్సాప్‌లో ఫొటోలు పంపిస్తాం అంటే ఒప్పుకోకండి, ఆ జేపీజీలో డాక్టర్ వెలుగు నలుపు సరిగ్గా మార్చుకుని చూడలేరు, సగం సమాచారం పోతుంది.

అసలు పాయింట్ ఏంటంటే మీ ఆధారం కూడా అందులోనే ఉంది. వ్యూయర్‌లో ఎడమ పక్క సిరీస్ లిస్ట్ కనపడుద్ది, టీ1, టీ2 అలా పేర్లతో. పోస్ట్ కాంట్రాస్ట్ సిరీస్ ఒక్కటీ లేదని అక్కడే తెలిసిపోతుంది, ఏ టైముకి తీశారో కూడా ఉంటుంది. డాక్టర్ చీటీ పక్కన ఆ స్క్రీన్‌షాట్ పెడితే ఇంక వాదన ఏముంది. చీటీ ఒరిజినల్ వాళ్ళకి ఇచ్చేయకండి మాత్రం.

మామూలు_మనిషి:

సరే సరే, రేడియేషన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ డబ్బుల విషయంలో తగ్గొద్దు బ్రో. నోటితో అరిస్తే వాళ్ళకి రోజూ అలవాటే, రాసివ్వు, తీసుకున్నట్టు ముద్ర వేయించుకో.

నడుము_విరిగినోడు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఫైల్స్ పిచ్చి అన్న చెప్పినట్టు వ్యూయర్ వేస్తే సీడీ తెరుచుకుంది, కాంట్రాస్ట్ సిరీస్ ఒక్కటీ లేదు. చీటీ కాపీ, ఆ స్క్రీన్‌షాట్, కుడి ఎడమ లైన్లు రెండూ మార్క్ చేసిన రిపోర్ట్ కాపీ కలిపి రిపోర్ట్ మీద సంతకం ఉన్న డాక్టర్ గారి పేరుకి రాసి ముద్ర వేయించుకొచ్చా. మేనేజర్ ముందు తీసుకోను అన్నాడు, సరే తీసుకోనని రాసివ్వండి అంటే తీసుకున్నాడు.

ఆ డాక్టరే సాయంత్రం ఫోన్ చేశారు. ఆవిడకి అసలు ఆపరేషన్ సంగతే చెప్పలేదట, పాత సీడీ కౌంటర్ డ్రాయర్‌లోనే ఉందట. అడెండం రాసిచ్చారు, కుడి వైపే అని. కాంట్రాస్ట్ భాగం మళ్ళీ తీస్తాం, స్కాన్‌కి ఏమీ కట్టక్కర్లేదు, మందు ఖరీదు మాత్రం కట్టండి అన్నారు. మందు డబ్బులు ఎలాగూ మొదట్లోనే కట్టాల్సినవి కదా అని ఒప్పుకున్నా, తప్పు చేశానా? ఖాళీ కడుపుతో పొద్దున్నే రమ్మని మళ్ళీ అదే పాట. నాలుగు నెలల కింద చేయించిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) రిపోర్ట్ ఉంది, నార్మలే, అది చెల్లుద్దా?

మాగ్నెట్_డ్యూటీ:

మందు డబ్బులు కట్టడంలో తప్పేం లేదు, న్యాయమే. క్రియాటినిన్ మీకు బీపీ షుగర్ కిడ్నీ సమస్యలు లేకపోతే చాలా చోట్ల పాతదైనా ఒప్పుకుంటారు, కొత్త రకం మందులకి కొన్ని చోట్ల అసలు అడగడం లేదు కూడా. కానీ ఒక్కో సెంటర్ రూల్ ఒక్కోలా ఉంటుంది, వెళ్ళాక తిప్పి పంపకుండా ముందే ఫోన్ చేసి ఏ మందు వాడతారు, ఎన్నాళ్ళ లోపు రిపోర్ట్ కావాలి అని కనుక్కోండి. ఖాళీ కడుపు నడుం ఎమ్మారైకి అవసరం లేదు, కొన్ని చోట్ల కాంట్రాస్ట్ అంటే వాంతి భయంతో రెండు మూడు గంటలు తినొద్దంటారు, అంతే. నీళ్ళు తాగొచ్చా అని అదీ అడగండి. చాలా సెంటర్లలో అందరికీ ఒకటే మాట చెప్పేస్తారు, మా దగ్గరా అంతే. వెళ్ళగానే టేబుల్ ఎక్కకముందు స్క్రీన్ మీద ఏం పడిందో చదివి వినిపించమనండి. పడుకున్నాక మోకాళ్ళ కింద దిండు అడగండి, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి అది లేకపోతే కదులుతారు, కదిలితే బొమ్మ పోతుంది.

నడుము_విరిగినోడు:

మొన్న దిండు పెట్టలేదండి. పెడతారనే తెలీదు నాకు. రేపు ఫోన్ చేసి మందు పేరు కనుక్కుని ఇక్కడే పెడతా, ఏ రకమో మీరే చెప్పండి.