ఈ వారం సమస్య (ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూరించాలి): “పెండ్లికంటె ముందె పిల్ల పుట్టె”

నిర్వాహకుడు: అమెరికాలోని ఫ్రీమాంట్ బావగారు పెరట్లో వేసిన రాక్షస గుమ్మడి ఫొటోలు పంపారు. పాదు చూస్తే పాదం తట్టింది. గుమ్మడి దాటి పోవద్దు. మరదలి పురుళ్లు, మేనమామ పెళ్లిళ్లు ఈసారి చెల్లవు.

ఫ్రీమాంట్ బావ:
ఆడపూవు కింద నందమౌ బుడిపిందె
పుప్పొడింక రాని పొద్దునందె
మగని జాడ లేదు మరి యేమి చెప్పుదు
పెండ్లికంటె ముందె పిల్ల పుట్టె!

ఆడపూవును గుర్తుపట్టేదే ఆ పిందెతో. మగపూవుకు ఉత్త సన్నకాడే.

గణగణ: ‘ఆ’కు ‘నం’ యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) ఏమిటి బావా?

ఫ్రీమాంట్ బావ: కిందన్ + అందమౌ. ద్రుతాన్ని, అంటే ఆ ‘న్’ను, పక్కన పెట్టి అచ్చు చూడు. పోయిన నెలా ఇదే అడిగావు.

తెనాలి మాష్టారు: యతి సరే. ‘క్రింద’ అనడానికి నోరు రాలేదా? ఇంకో మాట. పిందె పిల్ల కాదండీ. పుప్పొడి పడకపోతే నాలుగు రోజుల్లో పండుబారి రాలిపోతుంది. అది కడుపు, కాన్పు కాదు.

ఫ్రీమాంట్ బావ: ‘క్రింద’ అని ఉంటే ‘పూవు’లో ‘వు’ ఊదిందా (గురువా) తేలిందా (లఘువా) అని వారం రోజులు నడిపేవారు. ఇక పిందె సంగతి. మిట్టమధ్యాహ్నం గుమ్మడిపూవులోకి తుమ్మెదను పంపిన పద్యం ఎవరిది మాష్టారూ? ఆ పూవు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. మీ తుమ్మెద తలుపు కొట్టి వెనక్కి వచ్చుండాలి.

తెనాలి మాష్టారు: అది శృంగారం, వ్యవసాయ శాఖ బులెటిన్ కాదు. ఇదిగో నా పూరణ:

దారమొకటి కట్టి తలుపు మూసితి రాత్రి
తెల్లవార మగని తెచ్చినాను
తేనెటీగ దూరి తెలవారకే పోయె
పెండ్లికంటె ముందె పిల్ల పుట్టె!

పెరటి పద్యం: అబ్బ! మూడో పాదానికి వంద దండాలు. విరుపంటే అదీ.

ఫ్రీమాంట్ బావ: విరుపు బాగుంది, ముడే వదులు. తలుపు మూస్తే ఈగ ఎలా దూరింది? మేం సాయంత్రమే, కొన పసుపెక్కిన మొగ్గ చూసి మూతి కట్టేది ఈగ దూరకూడదనే. ఇక్కడ గుమ్మడి తేనెటీగలు సూర్యుడికన్నా ముందే లేస్తాయి. వాటిది తప్పేం కాదు, కాయ కాస్తుంది. కానీ తండ్రి ఎవరో తెలియదు! ఈ రాక్షస గుమ్మడి రకం, అట్లాంటిక్ జయంట్, విత్తనానికి తల్లి పేరు, తండ్రి పేరు, కాయ తూకం రాసి పెట్టుకుంటారు. మన గోత్రప్రవరలాగే. మాష్టారి కాయకు ప్రవర లేదు.

తెనాలి మాష్టారు: ముడి వదులని ఒప్పుకుంటాను. పద్యం వదులు కాదు.

గణగణ:
మగపువ్వు రేకులన్ని మరి తుంచి వేసితి
కొసను పుప్పొడున్న కుచ్చు మిగిలె
ఆడపూవు చూడ నప్పుడే పిందెతో
పెండ్లికంటె ముందె పిల్ల పుట్టె!

తెనాలి మాష్టారు: యతులు పట్టే బాబుకు మొదటి గణమే జారింది. ‘మగపు’లో ‘పు’ గురువు నాయనా. అక్కడ చెల్లని సగణంతో (రెండు లఘువులు, ఒక గురువు) ఆటవెలది మొదలెట్టావు.

పెరటి పద్యం: పిందె బావది, రేకులు మాత్రం ఇతనివి. ఆ రేకులు తుంచడం బాగుంది. కుచ్చుతో కీలాగ్రం (ఆడపూవు మధ్య పుప్పొడి పట్టే భాగం) తమ్మెలన్నీ తడమాలి, ఒక్క తమ్మె వదిలినా కాయ వంకర తిరగొచ్చు.

గణగణ: ‘మగని రేకులన్ని’ అని దిద్దుకుంటాను. బావా, కాయ ఎంత తూగుతుంది? 2023లో కాలిఫోర్నియా హాఫ్ మూన్ బేలో 2,749 పౌన్లు తూగింది కదా, ప్రపంచ రికార్డు!

తెనాలి మాష్టారు: పాత లెక్క. 2025లో ఇంగ్లండ్ కవల సోదరులు 2,819 తూచారు. గణాలే కాదు, పౌన్లూ జారాయి.

నిర్వాహకుడు: బావగారి పిందె, మాష్టారి ఈగ. ఈ వారం బహుమతి ఈగకే. గణగణ దిద్దుబాటు అందింది.

ఫ్రీమాంట్ బావ: ఈగకా! సరే. రేపు తెల్లవారుజామున నా మొగ్గ విచ్చుతుంది, ఐదింటికి అలారం పెట్టాను. ఇవాళ ముడి రెండుసార్లు చూశాను మాష్టారూ.