ఇస్లామిక్ ఫైనాన్స్: వడ్డీ లేని పద్ధతా, పేరు మార్చుకున్న వడ్డీయా?

జిజ్ఞాసి:
ఇస్లామిక్ బ్యాంకులు వడ్డీ తీసుకోవని అంటారు. అయినా అవి లాభాలు గడిస్తున్నాయి, ఖాతాదారులకు రాబడి పంచుతున్నాయి, వాటికి కట్టే వాయిదా కూడా తరచుగా మామూలు బ్యాంకు వాయిదాకు దరిదాపుల్లోనే ఉంటోంది. ఈ రెండు పద్ధతుల మధ్య నిజంగా తేడా ఉందా? మత విశ్వాసాన్ని పక్కన పెట్టి, కేవలం ఆర్థిక కోణంలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పద్దుల పుస్తకం:
నా దృష్టిలో తేడా చాలావరకు పత్రాలకే పరిమితం. విరివిగా వాడుకలో ఉన్న మురాబహా ఒప్పందాన్నే తీసుకుందాం. ఒక యంత్రం ధర 100 అనుకుంటే, మామూలు బ్యాంకు 100 అప్పిచ్చి ఏడాదికి 108 వసూలు చేస్తుంది. ఇస్లామిక్ బ్యాంకు ఆ యంత్రాన్ని తానే 100కు కొని, తన లాభం 8 అని ముందే చెప్పి, ఏడాది గడువు మీద 108కి అమ్ముతుంది. ఆ 8ని నిర్ణయించడానికి చాలాకాలం లైబర్ (లండన్ బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే రేటు) వంటి వడ్డీ రేట్లనే కొలబద్దగా వాడారు. తవర్రుక్ సంగతి మరీ విడ్డూరం: నగదు కావలసిన వ్యక్తి బ్యాంకు దగ్గర ఏదో లోహాన్ని అరువుకు కొని, దాన్ని కంటితోనైనా చూడకుండా, ఆ బ్యాంకు చేతనే మరొకరికి తక్కువ ధరకు నగదుకు అమ్మిస్తాడు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమే ఇది. ఇస్లామిక్ సహకార సంస్థకు చెందిన, ఇస్లామిక్ న్యాయశాస్త్ర పండితుల వేదిక అయిన ఫిఖ్ అకాడమీయే 2009లో ఇటువంటి వ్యవస్థీకృత తవర్రుక్ చెల్లదని తీర్మానించింది కాబట్టి, ఇది బయటివారి అభ్యంతరం మాత్రమే కాదు.

పూచీదారు:
తవర్రుక్ విషయంలో మీతో నాకు పేచీ లేదు. మురాబహా లెక్క మాత్రం, అంతా సవ్యంగా జరిగి బాకీ గడువులోగా తీరినప్పటిది. ఒప్పందం అసలు స్వభావం బయటపడేది చిక్కు వచ్చినప్పుడే. కొనుగోలుదారుకు అప్పగించక ముందే యంత్రం కాలిపోతే ఆ నష్టం, యజమాని హోదాలో, బ్యాంకుదే. గడువు దాటి చెల్లించినా 108 కాస్తా 115 కాదు. ఆలస్యానికి జరిమానా విధించే చోట్ల కూడా ఆ సొమ్మును దానధర్మాలకు ఇవ్వాలే తప్ప ఆదాయంగా జమ వేసుకోకూడదన్నది ప్రామాణిక నియమం. చక్రవడ్డీ కింద నలిగిన రుణగ్రహీతకు ఇది చిన్న తేడా కాదు.

అయితే దీనికి మరో ముఖం ఉంది, సమర్థకులు దాన్ని సాధారణంగా ప్రస్తావించరు. మామూలు రుణాన్ని ముందే తీర్చేస్తే మిగిలిన కాలపు వడ్డీ తప్పిపోతుంది. మురాబహాలో అమ్మకం ధర ఒకసారి కుదిరిపోయింది కనుక, ముందుగా చెల్లించినా సిద్ధాంతరీత్యా పూర్తి ధర బాకీయే. తగ్గింపు బ్యాంకు దయ మీద ఆధారపడుతుంది. మలేషియా కేంద్ర బ్యాంకు ఈ తగ్గింపును ఒప్పందంలోనే రాయాలని నిర్దేశించడానికి కారణం ఈ చిక్కే.

ఖాతాదారుల వైపు తేడా ఇంకా లోతైనది. ముదారబా ఖాతాలో లాభాన్ని ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. బ్యాంకు నిర్లక్ష్యమో మోసమో లేనప్పుడు నష్టం మాత్రం సొమ్ము పెట్టినవారిదే. మలేషియాలో 2013 నాటి చట్టం ఇటువంటి పెట్టుబడి ఖాతాలను డిపాజిట్ల నుంచి వేరు చేసింది; డిపాజిట్లకున్న బీమా రక్షణ వాటికి లేదు.

జిజ్ఞాసి:
మరి సుకూక్ అనే పెట్టుబడి పత్రం మాటేమిటి? అది బాండే కదా?

పద్దుల పుస్తకం:
నియమం ప్రకారం బాండ్ కాదు, ఆస్తిలో వాటా. ఆచరణలో ఏమైందో డానా గ్యాస్ ఉదంతం చెబుతుంది. షార్జాకు చెందిన ఆ సంస్థ 2017లో, సుమారు 70 కోట్ల డాలర్ల సుకూక్ గడువు సమీపించిన వేళ, తాను స్వయంగా జారీ చేసిన ఆ పత్రాలు షరియాకు అనుగుణంగా లేవనీ, కనుక యూఏఈ చట్టం ప్రకారం చెల్లవనీ వాదించింది! వాటాలను తిరిగి కొంటామన్న హామీపత్రం ఇంగ్లీషు చట్టం కింద రాసినది కనుక చెల్లుతుందని లండన్ హైకోర్టు అదే ఏడాది నవంబరులో తీర్పు ఇచ్చింది. చివరికి 2018లో రాజీ కుదిరింది. మామూలు బాండ్ కొన్నవారికి ఇటువంటి బెడద ఉండదు.

పూచీదారు:
ఆ పేచీకి మూలం తిరిగి కొంటామన్న ఆ హామీయే. ముదారబా, ముషారకా (ఉమ్మడి భాగస్వామ్యం) సుకూక్‌లను ముఖ విలువకు తిరిగి కొంటామని ముందే మాట ఇవ్వకూడదని బహ్రెయిన్‌లోని ప్రమాణాల సంస్థ ఆయోఫీ 2008లోనే స్పష్టం చేసింది. అసలుకు పూచీ కావాలి, వడ్డీ అనే మాట మాత్రం వద్దు అనే మదుపరులు ఉన్నంతకాలం ఇటువంటి అతుకుల పత్రాలు పుడుతూనే ఉంటాయి. వాటిని ఇస్లామిక్ ఫైనాన్స్‌కు నమూనాగా తీసుకోవడానికి నేను ఒప్పుకోను.

జిజ్ఞాసి గారూ, వస్తువు కొనడానికి వెళ్తే, ముందే తీర్చేస్తే ఎంత తగ్గిస్తారో రాతపూర్వకంగా అడగండి. సొమ్ము దాచుకోవడానికైతే, మీది డిపాజిట్టో పెట్టుబడి ఖాతానో తేల్చుకున్నాకే సంతకం చేయండి.