జూలైలో ఆల్ప్స్‌లో మౌంటెన్ బైకింగ్: సాల్‌బాఖా, మోర్జినా?

నెక్కర్_గట్టు:
స్టుట్‌గార్ట్, మ్యూనిక్‌ల నుంచి మూడు కుటుంబాలం. జూలై మధ్యలో ఒక వారం అనుకుంటున్నాం. ముగ్గురం బాగా తొక్కుతాం, ఒకతను ఈ మధ్యే ఫుల్ సస్పెన్షన్ బైక్ (ముందూ వెనకా షాక్‌లు ఉన్నది) కొన్నాడు, మిగతావాళ్ల సంగతి అక్కడికెళ్లాక చూసుకోవచ్చు. పిల్లలు ఇద్దరు, 9 ఏళ్లు, 6 ఏళ్లు. లిఫ్ట్‌లో పైకెళ్లి కిందికి తొక్కే చోటే కావాలి. నా ఓటు ఆస్ట్రియాలోని సాల్‌బాఖ్‌కి, మా వాడేమో ఫ్రాన్స్‌లోని మోర్జిన్ అంటున్నాడు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

లోయ_దాకా:
ఆ "మా వాడు" నేనే. మోర్జినే. పోర్ట్ దు సొలెయ్ అంటే ఒక్క ఊరు కాదు, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ కలిపి 12 రిసార్టులు, బైకులు ఎక్కించే లిఫ్టులకు ఒకటే పాస్. పొద్దున మోర్జిన్‌లో గొండోలా ఎక్కితే మధ్యాహ్నానికి షాతెల్ బైక్ పార్కులో ఉంటాం, ఓపికుంటే సరిహద్దు దాటి స్విస్ వైపు షాంపెరీకి దిగొచ్చు. (రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు బ్యాగులో ఉండాలి.) 2011లో షాంపెరీలో, 2022లో మోర్జిన్ పక్కనున్న లే జేలో మౌంటెన్ బైక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది, ఊరికే ఇవ్వరు కదా. ఏడాదంతా ఆఫీసులో కూర్చుని ఒక్క వారం కోసం ఎదురుచూస్తాను, ఆ వారం రోజూ అవే దారులు తొక్కలేను.

నెక్కర్_గట్టు:
ఛాంపియన్‌షిప్పులే లెక్కయితే సాల్‌బాఖ్ కొండ అవతలి లియోగాంగ్‌లో 2012లో, 2020లో జరిగాయి. దూరం కూడా చూడు. మ్యూనిక్ వాళ్లకి సాల్‌బాఖ్ రెండున్నర మూడు గంటలు, మోర్జిన్ అంటే రోజంతా కారులోనే, పైగా స్విట్జర్లాండ్ మీదుగా వెళ్తే 40 ఫ్రాంకుల విన్యెట్ (హైవే టోల్ స్టిక్కర్), వాళ్ల దగ్గర వారానికో పది రోజులకో చిన్న విన్యెట్ ఉండదు. ఇంకోటి, సీజన్ ఊపందుకునేసరికి లే జే దారులన్నీ బ్రేకింగ్ బంప్స్‌తో (అందరూ బ్రేకులు వేసి వేసి పడిన గతుకులతో) నిండిపోతాయి, సాయంత్రానికి చేతులు పట్టు తప్పుతాయి. సాల్‌బాఖ్‌లో షాట్‌బెర్గ్ కొండ పైనుంచి ఎక్స్-లైన్ అనే దారి దిగితే ఒక్క దెబ్బకి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు దిగిపోతాం.

అడవిదారి:
ఆస్ట్రియా మాత్రం వద్దు. అక్కడ 1975 నాటి అటవీ చట్టం ఇంకా నడుస్తోంది, 33వ సెక్షన్. అడవిలో ఎవరైనా నడవచ్చు, సైకిల్ తొక్కాలంటే యజమాని ఒప్పుకోవాలి. లారీలు తిరిగే వెడల్పాటి అటవీ రోడ్డయినా అంతే. టిరోల్‌లో అలాంటి రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే జీపులో వచ్చిన ఒక మనిషి ఆపి, మా ఆవిడ ముందే నన్ను దొంగని నిలదీసినట్టు నిలదీసి, బైక్ ఫొటో, నా ఫొటో తీసుకున్నాడు. తర్వాత లాయర్ నుంచి ఉత్తరం వచ్చింది. డబ్బు పోతే పోయింది, ఆ అవమానం మర్చిపోలేను. అలాంటి దేశానికి సెలవు డబ్బులు ఎందుకు పొయ్యాలి?

చక్రం_కింద_రాయి:
బైక్ పార్కు దారి అంటేనే అనుమతి ఉన్న దారి కదండీ. మీ కేసుకీ వీళ్ల ట్రిప్పుకీ సంబంధం ఏముంది?

అడవిదారి:
నేను మాట్లాడేది ఒక్క బైక్ పార్కు గురించి కాదు. బోర్డు ఉన్న దారి దాటి పక్కకి మళ్లామా, తప్పు చేసినవాళ్లం అయిపోతాం. వారంలో ఒక్కసారైనా పక్కకి మళ్లరా?

నెక్కర్_గట్టు:
అన్నా, మనం ఉండే బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లోనే రెండు మీటర్ల కన్నా ఇరుకైన అడవి దారిలో సైకిల్ తొక్కకూడదని చట్టం ఉంది. ఇక్కడ రోజూ దానితోనే బతుకుతున్నాం. ఆస్ట్రియాలో వారం రోజులు బోర్డు ఉన్న దారుల్లో తొక్కడానికి ఏం కష్టం?

అడవిదారి:
ఇక్కడా తప్పే, అక్కడా తప్పే. అందుకే స్విట్జర్లాండ్‌లోని దావోస్ అంటాను. అది ఉన్న గ్రావుబ్యుండెన్ రాష్ట్రంలో నడిచే దారుల్లో చాలావాటిలో సైకిల్‌కీ చోటిస్తారు, నడిచేవాళ్లు కనిపిస్తే మనం నెమ్మదిస్తాం, ఒకరికొకరు నమస్కారం చెప్పుకుని సాగిపోతాం. యాకోబ్స్‌హార్న్ కొండ పైనుంచి ఫిలిజూర్ ఊరి దాకా 40 కిలోమీటర్ల పైచిలుకు దారి, ఆపైన ఎర్ర రైలులో బైక్ పెట్టుకుని వెనక్కి రావడం. మర్యాద ఉన్న చోట తొక్కితే మనసుకి హాయిగా ఉంటుంది.

లోయ_దాకా:
దావోస్‌లో అద్దెలూ భోజనం ఖర్చూ ఎవరు పెడతారు? చట్టం గురించి వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ ప్రశ్న ఒక్కటే, ఎక్కడ తొక్కడం బాగుంటుంది.

పప్పుచారు_ఆన్_ట్రయిల్:
ఎక్కడికెళ్లినా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. కొండమీద హోటల్లో శాకాహారం అంటే చీజ్ నూడుల్స్, కైజర్‌ష్మారెన్ (ముక్కలు చేసిన తియ్యటి పాన్‌కేక్) తప్ప పెద్దగా ఉండవు. రైస్ కుక్కర్, ఆవకాయ మర్చిపోవద్దు.

కొత్త_పెడల్:
"ఈ మధ్యే బైక్ కొన్నాడు" అన్న మాట చదివి రాస్తున్నాను. పోయినేడు ఇలాగే కొందరు స్నేహితులు నన్ను తీసుకెళ్లారు, ఊరి పేరు అనవసరం. మొదటి రోజు బ్లూ దారి (తేలికది) ఒక్కసారి దిగాను, పర్లేదు నీకు వచ్చేసింది అని రెడ్‌కి (అంతకన్నా కష్టమైనదానికి) తీసుకెళ్లారు. కింద కలుద్దాం అని వాళ్లు ముందు వెళ్లిపోయారు. రెండో మలుపులో పడ్డాను, కాలర్‌బోన్ విరిగింది. నన్ను కూర్చోబెట్టి ఫోన్ చేసింది ముక్కూ మొహం తెలియని ఒక డచ్చావిడ. ఎమర్జెన్సీ నంబరు 112 అని కూడా నాకు ఆ క్షణంలో తోచలేదు. నా వాళ్లు కింద కాఫీ తాగుతున్నారు. తర్వాత రెస్క్యూ బిల్లు వచ్చింది. జర్మన్ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ ఆసుపత్రి చికిత్స వరకు చూస్తుంది, కొండ మీదనుంచి దింపిన ఖర్చు చాలాసార్లు మనమే కట్టుకోవాలి. ఆల్పైన్ క్లబ్‌లో సభ్యులైతే రెస్క్యూకి 25,000 యూరోల దాకా కవర్ ఉంటుంది, కానీ బైక్ పార్కుకి వర్తిస్తుందో లేదో షరతులు చదివి చేరండి. ఏ ఊరు అన్నదాని కన్నా ఆ కొత్తతని పక్కన ఎవరుంటారు అన్నది ముందు తేల్చండి.

లోయ_దాకా:
బాధగా ఉంది బ్రో, కానీ అది మోర్జిన్ తప్పు కాదు, రెడ్ దారి తప్పూ కాదు. పెద్దవాళ్లం, ఎవరి స్థాయి వాళ్లకి తెలియాలి. ప్రతి ఒక్కరి పక్కన ఒకరు ఉండాలంటే ఇంక తొక్కేదెవరు?

కొత్త_పెడల్:
ఆ రోజు నా వాళ్లూ ఇదే మాట అన్నారు.

లోయ_దాకా:
నన్ను వాళ్లతో కలపకు. నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు. ఒక మంచి చోటు పేరు చెప్పినందుకు నేనేదో మనుషుల్ని కొండమీద వదిలేసేవాడిని అన్నట్టు రాస్తున్నారు.

గోదారి_గేర్:
నెక్కర్_గట్టు అన్నయ్యా, నేనెవరో మీకు అర్థమైపోతుంది. మీరు రాసిన ఆ తొమ్మిదేళ్ల పిల్లాడి అమ్మని. మా ఆయన కూడా ఇదంతా చదువుతూ ఉంటారు, ఒక్క ముక్క రాయలేదు.

ఇందాకటి నుంచి చట్టాలు, బంప్స్, విన్యెట్ అన్నీ వచ్చాయి. జూలై మధ్యలో బవేరియాలోనూ, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లోనూ బడులు నడుస్తూ ఉంటాయని ఒక్కరికీ తట్టలేదు. జూలై ఆఖరుకో ఆగస్టు మొదట్లోనో గానీ సెలవులు ఇవ్వరు. బడి మాన్పించి విహారానికి తీసుకెళ్తే ఈ దేశంలో జరిమానా వేస్తారు. అంటే మీరు తేదీ అనుకున్నప్పుడే పిల్లలు మీ లెక్కలో లేరు. పిల్లలు లేరంటే ఇంట్లో ఉండిపోయేది ఎవరో చెప్పక్కర్లేదు. ఒకవేళ వచ్చినా "మిగతావాళ్ల సంగతి అక్కడికెళ్లాక" అన్నారు. ఆ మిగతావాళ్లలో నేనున్నాను. నాకూ బైక్ ఉంది, ఇక్కడ ఇంటి దగ్గర మా ఆయన దిగే దారులన్నీ నేనూ దిగుతాను. కిందటిసారి కొండ కింద ప్లేగ్రౌండ్‌లో కూర్చుని జాకెట్లు, నీళ్ల సీసాలు కాపలా కాశాను. పొద్దున ఒక్క రౌండ్ అని వెళ్లినవాళ్లు లిఫ్ట్ మూసేవేళకి వచ్చారు. ఊరు ఏదైనా నాకు ఒకటే, ఆ వారం మళ్లీ అలా గడపను.

చక్రం_కింద_రాయి:
బాగా చెప్పారండీ.

లోయ_దాకా:
వదినగారూ, మిమ్మల్ని తక్కువ చేయాలని కాదు. నేను మొదటి నుంచీ దీన్ని బైకింగ్ ట్రిప్ అనే అనుకున్నాను, ఫ్యామిలీ ట్రిప్ అనుకోలేదు. రెండూ కలిపితే రెండూ పాడవుతాయి, తొక్కేవాడికి తృప్తి ఉండదు, పిల్లలకి విసుగు. ఇండియా ప్రయాణానికి, జ్వరాలకి, బడి సెలవులకి పోగా నా సెలవుల్లో నాకంటూ మిగిలేది ఈ ఒక్క వారమే. అది అడగడం తప్పంటే ఒప్పుకోను.

గోదారి_గేర్:
తప్పనలేదు. మీరు ముగ్గురూ మోర్జిన్ వెళ్లండి, జూలైలోనే వెళ్లండి. కానీ దానికి "మూడు కుటుంబాలు" అని పేరు పెట్టకండి. మీకొక వారం ఉంటే నాకూ ఒక వారం ఉండాలి, అప్పుడు పిల్లాడికి క్యారేజీ కట్టడం, బడి దగ్గర దింపడం మా ఆయన చూసుకోవాలి. మీకంటూ ఒక వారం అన్నారే, నాకంటూ ఎన్ని గంటలని ఎవరైనా అడిగారా?

కుటుంబాలతో అంటే మాత్రం ఆగస్టులో, లియోగాంగ్ లేదా సాల్‌బాఖ్. ఎందుకంటే లియోగాంగ్‌లో లోయలోనే పిల్లలూ కొత్తవాళ్లూ నేర్చుకునే చోటుంది, సాల్‌బాఖ్ పక్కన హింటర్‌గ్లెమ్ చివర చెట్ల మీదుగా నడిచే దారి ఉంది, జెల్-ఆమ్-జే సరస్సు దగ్గర్లోనే, తొక్కనివాళ్లు రోజంతా ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఆగస్టులో మధ్యాహ్నం దాటితే ఉరుములు వస్తాయి కాబట్టి అసలైన తొక్కుడు పొద్దున్నే. ఒక పొద్దున మీది, ఒక పొద్దున మాది, ముందే కాగితం మీద రాసుకుని బయల్దేరాలి.

అడవిదారి:
ఆస్ట్రియానే ఖాయం చేసేలా ఉన్నారు. కనీసం అనుమతి ఉన్న దారుల మ్యాప్ ఫోన్‌లో దించుకోండి.

నెక్కర్_గట్టు:
ఇంట్లో మాట్లాడాను. ఆగస్టు రెండో వారం, లియోగాంగ్‌లో వంటగది ఉన్న రెండు అపార్ట్‌మెంట్లు చూస్తున్నాను. కొత్తతనికి మొదటి రెండు పూటలు కోచ్‌ని పెడుతున్నాం, ఆ డబ్బు ముగ్గురం పంచుకుంటాం. లోయ_దాకా, నువ్వు వస్తావా రావా ఆదివారంలోగా చెప్పు, రూములు అయిపోతున్నాయి.

లోయ_దాకా:
నేను జూలైలో మోర్జిన్ వెళ్తున్నాను. ఎవరైనా వస్తే కారులో ఇంకొక బైక్‌కి చోటుంది.

గోదారి_గేర్:
ఆగస్టులో సోమవారం పొద్దున నాది అని రాసుకోండి అన్నయ్యా. మా ఆయనకి నేను చెప్పాను.