మదర్‌బోర్డు స్క్రూలు ఎంతవరకు బిగించాలి?

మొదటిబిల్డ్
మొదటిసారి సొంతంగా పీసీ బిల్డ్ చేస్తున్నా. ఏటీఎక్స్ (పెద్ద సైజు) మదర్‌బోర్డు, తొమ్మిది స్క్రూలు. అయిదోది బిగిస్తుంటే సగంలో కిర్రుమంది. బోర్డు పగిలిందేమోనని ఫోన్ లైట్ వేసి చూశా, ఏమీ కనబడలేదు. ఇప్పుడు మిగతావి ముట్టుకోవాలంటేనే టెన్షన్. ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

పాతడబ్బా
స్క్రూ తల బోర్డుకు ఆనగానే చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి ఒక్క చిన్న బిగువు, అంతే. నేనైతే పిడిని గుప్పిట్లో పట్టను, మూడు వేళ్లతోనే తిప్పుతా. ఆ బోర్డు ఎక్కడికీ పారిపోదు తమ్ముడూ, గ్రాఫిక్స్ కార్డు బరువులో కొంత కేబినెట్ వెనక స్క్రూలు కూడా మోస్తాయి.

ఎర్రవాషర్
నేను ప్రతి స్క్రూ కింద పేపర్ వాషర్ వేస్తా. బోర్డుకు గీత పడదు.

పాతడబ్బా
అవి ఇప్పుడు అక్కర్లేదండీ. రంధ్రం చుట్టూ ఉన్న లోహపు వలయం గ్రౌండ్ (ఎర్తింగ్) కోసమే, స్క్రూ తల దానికి తగలాలి.

స్టాండాఫ్‌బాధితుడు
గట్టిగా బిగిస్తే నష్టం బిగించిన రోజు తెలియదు, విప్పే రోజు తెలుస్తుంది. రెండేళ్ల తర్వాత బోర్డు మార్చుదామని విప్పితే, మధ్యలో ఒక స్క్రూ ఎంత తిప్పినా బయటికి రాదు. కింద స్టాండాఫ్, అంటే బోర్డును కేబినెట్ రేకుకు తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి స్తంభం, అది కూడా దాంతోపాటే తిరుగుతోంది. మిగతా ఎనిమిదీ తీసి, బోర్డు అంచు కాస్త పైకెత్తి, సన్నమూతి పటకారుతో ఆ ఆరు పలకల ఇత్తడి ముక్కను పక్కనుంచి పట్టుకుని విప్పాను. చెమటలు పట్టాయి. అప్పటి నుంచి ముందు స్టాండాఫ్‌లను కేబినెట్ పళ్లేనికి (బోర్డు వెనక ఉండే రేకుకు) పటకారుతో బిగిస్తా, పైన స్క్రూను అంతకంటే తక్కువ. ఈ తేడా ఉంటే చాలు.

ఇంకోటి, ఐఓ షీల్డ్ (కేబినెట్ వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు) స్ప్రింగులు బోర్డును వెనక్కి నెడతాయి, రంధ్రాలు కలవవు. కలవనిదాన్ని స్క్రూతో లాగొద్దు. బోర్డును షీల్డ్ వైపు నొక్కి పట్టుకుని అన్నీ వదులుగా ఎక్కించాక, ఎదురెదురు మూలలు బిగించుకుంటూ రండి.

పాతడబ్బా
ఆ కిర్రు సంగతి నాకు నచ్చలేదు. సగంలో బిగిసిందంటే అది బిగింపు కాదు, మర తప్పింది. కేబినెట్లలో రెండు మర సైజుల స్క్రూలు వస్తాయి: 6-32, ఎం3. మొదటిదాని మరలు దూరదూరంగా, కాస్త లావుగా ఉంటాయి, ఎం3 సన్నం. ఎం3 స్టాండాఫ్‌లో 6-32 తోస్తే మర చెడుతుంది. ఆ స్క్రూ ఎక్కడిది?

మొదటిబిల్డ్
అన్నా, దొరికిపోయా. ఒకటి చేజారి పడి కనబడకపోతే పాత కేబినెట్ సంచిలోంచి హార్డ్‌డిస్క్ స్క్రూ తీశా. ఇప్పుడే విప్పా. మర మీద వెంట్రుకంత ఇత్తడి పొడి ఉంది.

స్టాండాఫ్‌బాధితుడు
ఆ పొడి బోర్డు మీద రాలకుండా చూడు, సన్న బ్రష్‌తో తీసెయ్. ఆ స్టాండాఫ్ కూడా మార్చు. కొత్త స్క్రూను బోర్డు పెట్టకముందే ఉత్త వేళ్లతో ఎక్కించి చూడు. ముందు కొద్దిగా ఎడమకు తిప్పితే మర టక్కున కూర్చుంటుంది, అప్పుడు కుడికి.

సరే, పడిపోయిన స్క్రూ దొరికిందా?

మొదటిబిల్డ్
లేదు. నేల మీద ఎక్కడో ఉంటుంది.

పాతడబ్బా
ఉంటుంది అనుకుని పవర్ ఇవ్వకు. బోర్డు తియ్యి, కింద చూడు.

మొదటిబిల్డ్
తీశా. సరిగ్గా ప్రాసెసర్ వెనకవైపు, బోర్డుకీ పళ్లేనికీ మధ్య ఇరుక్కుని ఉంది. అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్‌తో తీశా. ఇప్పుడు తొమ్మిదీ లెక్కపెట్టి గిన్నెలో పెట్టుకున్నా, మళ్లీ మొదటి నుంచి.