విండోస్ 10 ఈఎస్‌యూ అక్టోబరు దాకానే: డీటీపీ, షాపు సిస్టమ్‌లకి ఆ తర్వాత దారేంటి?

నాలుగోతరం_ఐ3
విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఈఎస్‌యూలో (గడువు దాటాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ స్కీమ్) చేరిన సిస్టమ్‌లకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. ఇంట్లో లాప్‌టాప్‌కైతే సలహాలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి. నేనడిగేది డీటీపీ షాపులు, జిరాక్స్ సెంటర్లు, చిన్న అకౌంట్స్ ఆఫీసుల గురించి. ఇంటెల్ నాలుగో తరం, ఆరో తరం బాక్సులు, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, పక్కన కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్. లోపల పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లు, లెక్కలకి ట్యాలీ. వీటిని ఏం చేయాలి? "పారేసి కొత్తది కొనండి" అనేవాళ్ళు దయచేసి వేరే చర్చ పెట్టుకోండి.

స్క్రూడ్రైవర్
ఈఎస్‌యూలో ఇంకా చేరనివాళ్ళు ముందు ఆ పని చూడండి. సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్తే కుడివైపు "ఎన్‌రోల్ నౌ" ఉంటుంది. అది కనపడకపోతే కారణం సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి. వెర్షన్ 22హెచ్2 కాకపోవడం (స్టార్ట్‌లో "విన్‌వర్" అని కొడితే తెలుస్తుంది). 2025 ఆగస్టు అప్‌డేట్ కేబీ5063709 పడకపోవడం. అది లేకపోతే ఎన్‌రోల్ విండో తెరుచుకోగానే మూసుకుపోయే బగ్ ఉండేది. లేదా సిస్టమ్ ఆఫీసు డొమైన్‌లో (కంపెనీ సర్వర్ అదుపులో ఉండే నెట్‌వర్క్) ఉండటం. డొమైన్‌వాటికి ఈ ఇంటి స్కీమ్ వర్తించదు, వాటి రేటు వేరు, మొదటి ఏడాదికే సిస్టమ్‌కి 61 డాలర్లు.

చేరడానికి దారులు: సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేదా 1000 రివార్డ్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. డబ్బు కట్టినా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ తప్పదు. ఒక లైసెన్స్ అదే అకౌంట్ మీద 10 సిస్టమ్‌ల దాకా పనిచేస్తుంది.

ఉచితం దారిలో ఒక తిరకాసు ఉంది. బ్యాకప్ ఆన్ చేసేటప్పుడు డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, పిక్చర్స్ టిక్కులు తీసేయండి, సెట్టింగ్స్ ఒక్కటి చాలు. లేదంటే వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 5 జీబీ డెస్క్‌టాప్ మీదున్న పెళ్ళికార్డుల ఫైళ్ళకే నిండిపోతుంది. అక్కణ్ణుంచి "స్టోరేజ్ ఫుల్" గోల.

మూడోకన్ను
ఎల్‌టీఎస్‌సీ (ఎక్కువ ఏళ్ళు సపోర్ట్ ఉండే ప్రత్యేక విండోస్ ఎడిషన్) అని తక్కువ ధరకి కీలు అమ్మేవాళ్ళ గురించి ఒక మాట. విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2032 జనవరి 13 దాకా సపోర్ట్ ఉన్నది నిజమే. మామూలు ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కైతే 2027 జనవరి 12 వరకే. ఈ రెండూ చిల్లరగా అమ్మే సరుకు కాదు, యంత్రాల తయారీదార్లకీ కంపెనీలకీ ఇచ్చే లైసెన్సులు. మూడొందలకి వచ్చిన కీ లైసెన్స్ కాదు, ఎప్పుడు ఆగిపోతుందో తెలియని నంబరు మాత్రమే. ఇక "ముందు యాంటీవైరస్ ఆపేసి ఇది రన్ చేయండి" అని రాసున్న యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండా విండోస్‌ని యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్) సంగతి నేను చెప్పక్కర్లేదు.

పెంగ్విన్_పక్షం
లినక్స్ మింట్ 22 (విండోస్ బదులు వాడే ఉచిత ఓఎస్) వేసేయండి, గొడవ వదిలిపోతుంది. 2029 దాకా అప్‌డేట్లు. నాలుగో తరం ఐ3లో 4 జీబీ ర్యామ్‌కి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి, హార్డ్ డిస్క్ తీసేసి 240 జీబీ శాటా ఎస్‌ఎస్‌డీ పెట్టండి. బ్రౌజర్, లిబ్రేఆఫీస్, పీడీఎఫ్ అన్నీ నడుస్తాయి.

జీఎస్టీ_గుమాస్తా
అన్నా, బ్రౌజర్ నడిస్తే షాపు నడిచినట్టు కాదు. ట్యాలీప్రైమ్ విండోస్‌కే వస్తుంది. వేలిముద్ర యంత్రాల ఆర్‌డీ సర్వీసులు (ఆధార్ కోసం వేలిముద్ర పంపే ప్రోగ్రాములు) ఎక్కువగా విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ. జీఎస్టీ పోర్టల్లో డిజిటల్ సిగ్నేచర్ పెట్టాలంటే ఈఎమ్‌సైనర్ అనే ప్రోగ్రామ్, దానికి టోకెన్ (సిగ్నేచర్ ఉండే యూఎస్‌బీ ముక్క) డ్రైవర్. ఇవి ఉన్న సీట్లకి మింట్ ఊసెత్తకండి. ఈఎస్‌యూతో ఈ ఏడాది గడిపి, విండోస్ 11 అధికారికంగా ఎక్కే సిస్టమ్‌కి మారడమే.

మారేటప్పుడు చెడగొట్టుకునేవి రెండు. ట్యాలీలో లైసెన్స్ "సరెండర్" చేయకుండా ఫార్మాట్ కొట్టడం ఒకటి; పాత మెషిన్ పేరుమీదే లైసెన్స్ ఉండిపోయి కొత్తదాంట్లో యాక్టివేషన్ దగ్గర ఇరుక్కుంటారు. రెండోది డిజిటల్ సిగ్నేచర్ టోకెన్. సర్టిఫికెట్ ఉండేది టోకెన్ లోపలే, కంప్యూటర్లో కాదు. కాబట్టి కొత్త సిస్టమ్‌లో టోకెన్ డ్రైవర్ వేసి గుచ్చితే చాలు. "ఇనిషియలైజ్" అనే బటన్ కనిపించిందని నొక్కారో, లోపలి కీ పోతుంది, మళ్ళీ సర్టిఫికెట్ కొనుక్కోవాలి. పాస్‌వర్డ్ వరుసగా తప్పు కొట్టినా టోకెన్ లాక్ అవుతుంది.

డీటీపీ_బాబాయ్
అసలు ప్రశ్నకి వద్దాం. పేజ్‌మేకర్ 7 విడుదలైంది 2001లో. దానికి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుని తెలుగుగానే గుర్తించే కోడ్ పద్ధతి) తెలియదు. అను ఫాంట్లతో కొట్టిన ఫైల్లో నిజంగా తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు ఉంటాయి, ఫాంట్ వాటికి తెలుగు ముఖం తొడుగుతుంది. అందుకే ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఈ ముక్క అర్థమైతే మిగతా నిర్ణయాలు తేలిక.

విండోస్ 11కి వెళ్ళేటప్పుడు చాలామంది చూసుకోని విషయం: విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ లేనే లేదు. షాపుల్లో చాలా సిస్టమ్‌లు 4 జీబీ ర్యామే కదా అని 32 బిట్ విండోస్ 10 మీద నడుస్తున్నాయి. వాటిని అప్‌గ్రేడ్ చేయడం కుదరదు, మొత్తం చెరిపి కొత్తగా వేయాలి. ఆ కాలపు సీడీల్లో కొన్నిటికి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది. ప్రోగ్రామ్ 32 బిట్టే అయినా సెటప్ మాత్రం 64 బిట్ విండోస్‌లో తెరుచుకోదు. పాత లాక్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవాలంటే గుచ్చాల్సిన తాళం ముక్క) పార్లల్ పోర్టుదైతే కొత్త మదర్‌బోర్డుకి ఆ పోర్టే ఉండదు. యూఎస్‌బీదైతే 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

నా సలహా: అను ఉన్న సిస్టమ్‌ని ఉన్నదున్నట్టు ఉంచి నెట్ కేబుల్ పీకేయండి, వైఫై డాంగిల్ కూడా. నెట్ లేని సిస్టమ్‌కి సపోర్ట్ గడువుతో పెద్దగా పని లేదు. కానీ కేబుల్ పీకేస్తే సరిపోదు, ఎందుకంటే షాపుల్లో జబ్బు వచ్చేది పెన్ డ్రైవ్ నుంచి. వచ్చినవాళ్ళ పెన్ డ్రైవ్‌లు, వాట్సాప్ వెబ్, ఈమెయిల్ వీటన్నిటికీ వేరే సిస్టమ్ ఉండాలి. పెంగ్విన్ గారూ, మీ మింట్‌కి చోటు అక్కడ.

పెంగ్విన్_పక్షం
ఒప్పుకుంటున్నా. పైగా అక్కడ దానికో అదనపు లాభం ఉంది. షార్ట్‌కట్ వైరస్ పట్టిన పెన్ డ్రైవ్‌ని విండోస్‌లో గుచ్చితే అసలు ఫోల్డర్లు మాయమై, అవే పేర్లతో 1 కేబీ షార్ట్‌కట్లు కనిపిస్తాయి. నొక్కితే వైరస్ నడుస్తుంది. అదే డ్రైవ్ మింట్‌లో పెడితే, అది విండోస్ పెట్టిన "హిడెన్" గుర్తుని పట్టించుకోదు. అసలు ఫోల్డరూ, దొంగ షార్ట్‌కటూ పక్కపక్కనే కనిపిస్తాయి, షార్ట్‌కట్ నొక్కినా ఏం జరగదు. కావలసిన ఫైలు తీసుకుని, షాపు సొంత పెన్ డ్రైవ్ ఒకటి పెట్టుకుని దాంతోనే అను సిస్టమ్‌కి మార్చండి. ఆ సొంత డ్రైవ్ బయటివాళ్ళ సిస్టమ్‌లో పెట్టకూడదు, అంతే.

తెలుగు టైపింగ్‌కి: సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో "ఐబస్-ఎమ్17ఎన్" వేయండి, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకోండి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి. ఈ లాగౌట్ మర్చిపోయి "రావట్లేదు" అనేవాళ్ళే ఎక్కువ. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ వరసలు కలుపుకోవచ్చు. పోతన, వేమన ఫాంట్లు "ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా" ప్యాకేజీలో ఉన్నాయి.

నాలుగోతరం_ఐ3
మరి రూఫస్ (బూట్ పెన్ డ్రైవ్ చేసే టూల్)తో టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) చెక్ తీసేసి ఆరో తరం దాంట్లో విండోస్ 11 వేయడం? యూట్యూబ్ నిండా అవే.

స్క్రూడ్రైవర్
ఎక్కుతుంది, నడుస్తుంది. ఎక్కాక నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగానే వస్తుంటాయి గానీ, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ తనంతట రాదు. ప్రతిసారీ కొత్త ఐఎస్‌ఓ (డిస్క్ నకలు ఫైలు) దింపి మళ్ళీ అదే తంతు. అది చేసే మనిషి షాపులో ఉంటే సరే, లేకపోతే రెండేళ్ళకి మళ్ళీ ఇదే ప్రశ్న. కోర్ 2 డుయో బాక్సులకి ఆ ఆశ కూడా వద్దు. 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు లేని ప్రాసెసర్లో విండోస్ 11 బూటే అవదు, రూఫస్ ఏమీ చేయలేదు.

ఎనిమిదో తరమో, ఆ తర్వాతదో అయ్యుండి "మీ పీసీ పనికిరాదు" అంటున్నవాళ్ళు మాత్రం తొందరపడి అమ్మేయకండి. చాలావాటిలో టీపీఎం ఉంటుంది, బయాస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేర్లతో వెతకండి. ఆన్ చేశాక విండోస్‌లో "టీపీఎం.ఎమ్మెస్సీ" తెరిస్తే 2.0 అని చూపించాలి.

తర్వాతి అడ్డంకి లెగసీ బూట్, అంటే సిస్టమ్ పాత పద్ధతిలో లేవడం; విండోస్ 11కి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి కావాలి. ఇక్కడ వరస తప్పితే సిస్టమ్ లేవదు. ముందు విండోస్‌లో ఉండగానే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్కుని ఆ కొత్త పద్ధతికి మార్చే ఎంబీఆర్2జీపీటీ టూల్ని "వ్యాలిడేట్"తో నడపాలి, వెనక "అలౌఫుల్‌ఓఎస్" చేర్చాలి. అది సక్సెస్ అంటేనే "కన్వర్ట్". డిస్కులో మూడుకి మించి ప్రైమరీ పార్టిషన్లుంటే వ్యాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది, ఒకటి కాపీ తీసుకుని తీసేయాలి. కన్వర్ట్ అయ్యాకే బయాస్‌లో సీఎస్‌ఎం (పాత బూట్ పద్ధతి) ఆపి యూఈఎఫ్ఐ పెట్టాలి, చివర్న సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ఓఎస్‌నే లేవనిచ్చేది). కన్వర్ట్ చేయకుండా ముందే సీఎస్‌ఎం ఆపితే "బూట్ డివైస్ లేదు" అంటుంది. భయపడొద్దు, డేటా ఎక్కడికీ పోలేదు, మళ్ళీ లెగసీ పెడితే లేస్తుంది.

బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే బయాస్ ముట్టుకునే ముందు "సస్పెండ్" చేయండి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ ఫైలుగా కాదు.

మూడోకన్ను
దీనికో చిన్న తోక. పాత బోర్డులో సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటే పవర్ పోయిన ప్రతిసారీ బయాస్ మొదటికొస్తుంది. పీటీటీ ఆగిపోతుంది, బూట్ పద్ధతి మారిపోతుంది, తేదీ ఎప్పటిదో చూపిస్తుంది. తేదీ తప్పైతే వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తాయి, డిజిటల్ సిగ్నేచరూ పడదు. "నెట్ పనిచేయట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ బిళ్ళ బ్యాటరీవే. ఏ అప్‌గ్రేడ్‌కైనా ముందు అది మార్చండి.

ఇంకోటి, సెక్యూర్ బూట్ పాత సర్టిఫికెట్లు 2011వి, వాటి గడువు 2026 జూన్ నుంచి అయిపోవడం మొదలు. జూన్‌లో సిస్టమ్‌లన్నీ ఆగిపోతాయని వాట్సాప్‌లో తిరుగుతున్నది తప్పు. బూట్ అవుతాయి. కొత్త సర్టిఫికెట్ అందనివాటికి బూట్‌కి సంబంధించిన భద్రతా సవరణలు ఇకపై రావు, అదీ సంగతి. అప్‌డేట్లు అందుతున్న సిస్టమ్‌లకి చాలావరకు వాటంతట అవే వస్తాయి.

నాలుగోతరం_ఐ3
@డీటీపీ_బాబాయ్ ఆ పాత సిస్టమ్ బోర్డే పోతే? విడిభాగాలు దొరకవు కదా.

డీటీపీ_బాబాయ్
అందుకే అది నడుస్తుండగానే నకలు తీసిపెట్టాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ళదే డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ఉచిత టూల్ ఉంది. నడుస్తున్న విండోస్‌ని మొత్తంగా ఒక ఫైలుగా చేసి ఇస్తుంది. ఫైలు పడే చోటు వేరే డిస్క్ అయ్యుండాలి. "వీహెచ్‌డీఎక్స్" టిక్ తీసేయండి, వర్చువల్‌బాక్స్‌కి (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్) మామూలు వీహెచ్‌డీ అయితే చిక్కు ఉండదు. 8 జీబీ ర్యామ్ ఉన్న కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ వేసి ఆ ఫైలు తగిలిస్తే మీ పాత డెస్క్‌టాప్ కిటికీలో తెరుచుకుంటుంది. 32 బిట్ విండోస్ 7 లాంటిదైతే 1 జీబీ ర్యామ్ ఇస్తే చాలు. నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ తీసేయండి, ఫైళ్ళు షేర్డ్ ఫోల్డర్‌లో మార్చుకోండి. ఎక్స్‌పీ అయితే యూఎస్‌బీ 3 కంట్రోలర్‌ని గుర్తించదు, 1.1 పెట్టాలి, అప్పుడే డాంగిల్ కనపడే ఆశ. కంపెనీ సిస్టమ్‌తో వచ్చిన విండోస్ లైసెన్స్ కొత్త హార్డ్‌వేర్ చూసి యాక్టివేషన్ అడుగుతుంది, విడిగా కొన్న కీ ఉంటేనే సాఫీ.

వర్చువల్ మెషిన్‌లోంచి నేరుగా ప్రింట్ ఇవ్వడానికి కుస్తీ పట్టొద్దు. పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు, దాన్ని మార్చే డిస్టిలర్ టూల్‌తో పీడీఎఫ్, ఆ పీడీఎఫ్‌ని బయటి సిస్టమ్‌లో ప్రింట్. ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో చూసుకుంటే చాలు.

కొత్త పనులు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కట్టే అడోబ్ ప్రోగ్రామ్) "వరల్డ్-రెడీ" పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. డబ్బు పెట్టలేకపోతే ఉచితంగా వచ్చే స్క్రైబస్ 1.6, పాత 1.4లో తెలుగు అక్షరాలు సరిగ్గా కుదరవు. పాత పేజ్‌మేకర్ ఫైళ్ళని ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే తెరుస్తుంది, సీసీ వెర్షన్లు తెరవవు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ప్రూఫ్ చదవకుండా పంపొద్దు.

జీఎస్టీ_గుమాస్తా
ప్రింటర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎల్‌బీపీ 2900కి 64 బిట్ విండోస్ డ్రైవర్ ఉంది, విండోస్ 11లో పనిచేస్తుంది. కొత్త లాప్‌టాప్ కొనేవాళ్ళు స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌వి ఈ షాపు పనికి తీసుకోకండి. ఇంటెల్, ఏఎండీ కోసం రాసిన డ్రైవర్లు వాటిలో ఎక్కవు. ప్రింటరూ, డాంగిలూ, టోకెనూ మూడూ అనుమానమే.

పెంగ్విన్_పక్షం
మింట్‌లో 2900 నడపడం నిజంగా తలనొప్పే, క్యాప్ట్ అనే దాని సొంత భాషకి లినక్స్‌లో డ్రైవర్ అతుకుల బొంత. ప్రింటర్‌ని విండోస్ దగ్గరే ఉంచండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే మింట్‌లో నడుస్తుంది. అది ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ ఎక్కించుకునే రకం, అందుకే హెచ్‌ప్లిప్‌తో (హెచ్‌పీ వాళ్ళ లినక్స్ డ్రైవర్) పాటు దాని ప్లగిన్ కూడా వేయాలి. ప్లగిన్ లేకపోతే ప్రింటర్ కనిపిస్తుంది, కాగితం మాత్రం కదలదు.

నాలుగోతరం_ఐ3
సరే, ర్యామ్ విషయం. నాలుగో తరానికి ఏది కొనాలి?

స్క్రూడ్రైవర్
డెస్క్‌టాప్ అయితే డీడీఆర్3. లాప్‌టాప్ అయితే డీడీఆర్3ఎల్, 1.35 వోల్టులది. మామూలు 1.5 వోల్టులది అందులో పెడితే తెర నల్లగా ఉండిపోతుంది. ఆరో తరంలో బోర్డుని బట్టి డీడీఆర్4 గానీ డీడీఆర్3ఎల్ గానీ, కాబట్టి పాత స్టిక్ తీసి దుకాణానికి పట్టుకెళ్ళండి. డబ్బు ఒక్కదానికే ఉంటే ర్యామ్ కన్నా ముందు ఎస్‌ఎస్‌డీ.

డీటీపీ_బాబాయ్
ఫార్మాట్ కొట్టేముందు అను, పేజ్‌మేకర్ సీడీలు ఇంకా చదువుతున్నాయో లేదో చూసి, ఐఎస్‌ఓగా చేసి రెండు చోట్ల పెట్టండి. సీరియల్ నంబరు సీడీ కవరు వెనకాల పెన్నుతో రాసి ఉంటుంది, దాన్ని ఫోటో తీయండి. కవరు దొరక్కపోతే ఫార్మాట్ ఆపండి.